ఫణిగిరి సీసపు నాణేలు: ఆధారం, పరిరక్షణ

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి కొండపై బౌద్ధ స్తూపం, చైత్యగృహాలు, విహారాలు బయల్పడ్డాయి. ఇక్కడి శాసనాల్లో ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరానికి చెందినది ముఖ్యమైనది. ప్రధాన వైద్యుడొకరు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన విషయం అందులో ఉంది. ఈ రాజు కనీసం 18 ఏళ్లు పాలించాడనడానికి ఆ ఒక్క శాసనమే ఆధారం.

2024లో అదే స్థలంలో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు లభించాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం ఉన్న వీటిని తెలంగాణ వారసత్వ శాఖ ఇక్ష్వాకుల కాలానివిగా గుర్తించింది. శాసనం రాజు పేరునూ పాలనా సంవత్సరాన్నీ తానే చెబుతుంది. ఈ నాణేల విషయంలో ముద్రించిన చిహ్నాలు, దొరికిన మట్టిపొర, తోడుగా ఉన్న వస్తువులే సాక్ష్యం.

మట్టిపొర వివరాలను తవ్విననాడే నమోదు చేయాలి. తర్వాత అవి దొరకవు. చిహ్నాలకూ ముప్పు ఉంది. చెక్క బీరువాల నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి తగిలితే సీసం క్రమంగా తెల్లని పొడిగా మారుతుంది. మట్టిలో శతాబ్దాలు నిలిచిన ఏనుగు బొమ్మ బీరువాలో చెరిగిపోవచ్చు.

కనుక శుభ్రపరచడానికి ముందే ప్రతి నాణేన్నీ తూచి, ఛాయాచిత్రం తీయాలి. నిధిని విడదీసి పంచకుండా ఒకేచోట ఉంచాలి. ఏయే నాణేలు కలిసి దొరికాయన్నదీ చరిత్రే. శాసన పాఠంలో చెరిగిన ఒక్క అక్షరం గురించి వాదించే మనం, అక్షరం లేని ఈ ఆధారాల పట్లా అంతే శ్రద్ధ చూపాలి.