ఆహ్వానం ఆగిపోయే వయస్సు: రొమ్ము క్యాన్సర్ ముందస్తు పరీక్షల గరిష్ఠ వయోపరిమితి - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రోగలక్షణాలేవీ లేని స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలోనే గుర్తించడానికి జరిపే ఎక్స్‌రే పరీక్ష మామోగ్రఫీ. ఈ పరీక్షను 40 ఏళ్లకు మొదలుపెట్టాలా, 50 ఏళ్లకు మొదలుపెట్టాలా అన్న విషయంపై గత అర్ధశతాబ్దిలో విస్తృతమైన చర్చ జరిగింది. దానిని ఏ వయస్సులో ఆపాలన్న ప్రశ్నకు మాత్రం అంతటి ప్రాధాన్యం లభించలేదు. వయస్సు పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుందన్నది వైద్యశాస్త్రం ఏనాడో నిర్ధారించిన విషయం. అయినప్పటికీ అనేక దేశాల ప్రభుత్వ కార్యక్రమాలు 70 ఏళ్ల ప్రాంతంలో స్త్రీలను పరీక్షకు పిలవడం మానివేస్తాయి. 64, 70, 74 వంటి అంకెలు ఎలా ఏర్పడ్డాయి, వాటి వెనుక ఉన్నది శాస్త్రీయ నిర్ధారణా లేక పాలనాసౌలభ్యమా అన్న ప్రశ్నలను అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్, భారతదేశాల అనుభవాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తొలి ప్రయోగాలు, తొలి హద్దులు

శస్త్రచికిత్సలో తొలగించిన రొమ్ము భాగాలను ఎక్స్‌రే ద్వారా అధ్యయనం చేసిన తొలి పరిశోధకుడు బెర్లిన్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్. ఆయన అధ్యయనం 1913లో వెలువడింది. 1960 నాటికి అమెరికాలోని హ్యూస్టన్‌లో రాబర్ట్ ఈగన్ ఈ పరీక్షకు స్థిరమైన సాంకేతిక పద్ధతిని రూపొందించారు. అయితే పరీక్ష కణితిని చూపగలగడం వేరు, ప్రాణాన్ని కాపాడగలగడం వేరు. రెండవ విషయాన్ని తేల్చడానికి పెద్ద ఎత్తున యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగం అవసరమైంది.

అటువంటి తొలి ప్రయోగం 1963 చివరలో న్యూయార్క్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ సభ్యులపై మొదలయింది. శామ్ షపీరో, ఫిలిప్ స్ట్రాక్స్, లూయీ వెనెట్ దీనికి నాయకత్వం వహించారు. 40 నుంచి 64 ఏళ్ల వయస్సు గల సుమారు 62 వేల మంది స్త్రీలను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మామోగ్రఫీతోపాటు వైద్యుని చేతిపరీక్షను కూడా ఏటేటా అందించారు. తొలి సంవత్సరాల ఫలితాలలో పరీక్షకు పిలిచిన వర్గంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడవ వంతు తక్కువగా నమోదయ్యాయి. ఆ తరువాతి కార్యక్రమాలన్నిటికీ ఈ ఫలితమే పునాది.

అయితే ఆ పునాదిలోనే ఒక లోటు ఉంది. 65 ఏళ్లు దాటిన స్త్రీలు ఈ ప్రయోగంలో లేరు. కనుక వారికి ఈ పరీక్ష మేలు చేస్తుందని గానీ, చేయదని గానీ చెప్పే అవకాశం దాని ఫలితాలకు లేదు. స్వీడన్‌లోని కొప్పర్‌బెర్గ్, ఓస్టర్‌యోట్లాండ్ జిల్లాలలో 1977లో మొదలైన ప్రయోగం 74 ఏళ్ల వరకూ ఉన్న స్త్రీలను చేర్చుకుంది. లాస్లో తబార్ బృందం 1985లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మరణాలు 31 శాతం తగ్గాయి. కానీ 70-74 ఏళ్ల వర్గం గురించి ప్రత్యేకంగా నిర్ధారించడానికి ఆ సమాచారం చాలలేదు. 74 ఏళ్లు దాటిన వారిని చేర్చుకున్న పెద్ద యాదృచ్ఛిక ప్రయోగం ఆ తరంలో ఒక్కటీ జరగలేదు. ప్రయోగానికి ఎంచుకున్న వయోవర్గమే క్రమంగా విధానానికి సరిహద్దుగా మారింది. ఆధారం లేకపోవడాన్ని ప్రయోజనం లేకపోవడంగా భావించే ధోరణికి ఇక్కడే బీజం పడింది.

బ్రిటన్: తలుపు తెరిచి ఉన్నా పిలుపు లేదు

సర్ పాట్రిక్ ఫారెస్ట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1986లో సమర్పించిన నివేదిక ఆధారంగా బ్రిటన్ 1988లో జాతీయ స్థాయిలో పరీక్షా కార్యక్రమాన్ని ప్రారంభించింది. అప్పట్లో 50 నుంచి 64 ఏళ్ల స్త్రీలకు మూడేళ్లకొకసారి ఆహ్వానం వెళ్లేది. 65 దాటిన వారికి పరీక్షను నిషేధించలేదు. వారు కోరితే చేసేవారు, పిలవడం మాత్రం ఉండేది కాదు. వృద్ధస్త్రీలు పరీక్షకు తక్కువగా హాజరవుతారన్న అంచనా ఈ ఏర్పాటుకు ముఖ్య కారణాలలో ఒకటి.

హక్కు ఉండటానికీ, ఆహ్వానం అందడానికీ మధ్యనున్న అంతరం ఇక్కడ గమనించదగినది. ఇంటికి వచ్చిన ఉత్తరం ఒక సందేశాన్ని మోసుకొస్తుంది. ఆ ఉత్తరం రావడం మానివేయడం కూడా ఒక సందేశమే. ప్రమాదం తొలగిపోయింది కాబట్టే పిలవడం లేదని ఒక వృద్ధురాలు అనుకుంటే అందులో ఆశ్చర్యం లేదు. 2014లో ఇంగ్లండ్ ప్రభుత్వం 70 ఏళ్లు దాటిన స్త్రీలను ఉద్దేశించి ప్రత్యేక ప్రచారం చేపట్టవలసి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ సోకే ప్రతి ముగ్గురిలో ఒకరు 70 దాటినవారేననీ, తమకు ఆ వయస్సు దాటిపోయిందని భావించరాదనీ ఆ ప్రచారం తెలియజేసింది. ఆహ్వానాలు ఆగిన తరువాత ఏర్పడిన నిశ్శబ్దాన్ని సరిదిద్దడానికి జరిగిన ప్రయత్నంగా దీనిని అర్థం చేసుకోవచ్చు.

2000 తరువాతి తొలి సంవత్సరాలలో గరిష్ఠ పరిమితిని 70 ఏళ్లకు పెంచారు. 71-73 ఏళ్ల వారిని, మరోవైపు 47-49 ఏళ్ల వారిని చేర్చితే కలిగే ఫలితాన్ని తెలుసుకోవడానికి 2009లో ఏజ్‌ఎక్స్ అనే ప్రయోగాన్ని మొదలుపెట్టారు. లక్షల మంది స్త్రీలు భాగమైన ఈ ప్రయోగం తొలి తరంలోని లోటును కొంతవరకైనా పూరించే ప్రయత్నం.

70 అనే అంకె ఎంత అస్పష్టమైనదో 2018 మే నెలలో వెల్లడయింది. 68-71 ఏళ్ల మధ్య చివరి ఆహ్వానం అందవలసిన సుమారు 4,50,000 మంది స్త్రీలకు అది అందలేదని ఆరోగ్యమంత్రి జెరెమీ హంట్ పార్లమెంటులో ప్రకటించారు. దేశమంతటా ఆందోళన రేగింది. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన స్వతంత్ర సమీక్ష, నిజంగా నష్టపోయిన వారి సంఖ్య అంతకంటే చాలా తక్కువని తేల్చింది. 70 ఏళ్ల వరకు అన్న మాటను వేర్వేరు సంస్థలు వేర్వేరుగా అర్థం చేసుకోవడమే గందరగోళానికి మూలమని గుర్తించింది. మూడేళ్లకొకసారి పిలిచే పద్ధతిలో ఒక స్త్రీ చివరి పిలుపు 68వ ఏట రావచ్చు, 70వ ఏట రావచ్చు. ప్రకృతి సిద్ధమైన హద్దుగా కనిపించిన అంకె నిజానికి కార్యాలయాల వ్యాఖ్యానంపై ఆధారపడినదని ఈ ఉదంతం నిరూపించింది.

నెదర్లాండ్స్: పరిమితిని పెంచి కొలిచిన దేశం

నెదర్లాండ్స్ 1998లో తన గరిష్ఠ వయోపరిమితిని 69 నుంచి 75 ఏళ్లకు పెంచింది. ముందస్తు పరీక్ష సఫలమైతే తొలిదశలో గుర్తించిన క్యాన్సర్లు పెరిగి, ఆ మేరకు ముదిరిన దశలోని క్యాన్సర్లు తగ్గాలి. ఈ సూత్రం ఆధారంగా 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైన అధ్యయనం 70-75 ఏళ్ల స్త్రీల వివరాలను పరిశీలించింది. తొలిదశ క్యాన్సర్లు లక్షకు 248.7 నుంచి 362.9కి పెరిగాయి. ముదిరిన దశ క్యాన్సర్లు మాత్రం 58.6 నుంచి 51.8కి, అంటే స్వల్పంగానే తగ్గాయి.

ఈ అంకెల మధ్యనున్న వ్యత్యాసమే అతినిర్ధారణ అనే భావనను వృద్ధాప్య చర్చకు కేంద్రంగా నిలిపింది. పరీక్షలో బయటపడకపోతే ఆ స్త్రీ జీవితకాలంలో ఎన్నడూ బాధించని క్యాన్సర్‌ను గుర్తించడం అతినిర్ధారణ. నెమ్మదిగా పెరిగే కణితి కంటే ముందుగా గుండెజబ్బు వంటి మరొక కారణంతో మరణం సంభవించే అవకాశం వయస్సుతోపాటు పెరుగుతుంది. అందువల్ల ఇది వృద్ధాప్యంలోనే అధికం. కనుగొన్న కణితులలో ఏది ప్రమాదకరమో, ఏది కాదో ముందుగా చెప్పలేనందున శస్త్రచికిత్స, రేడియేషన్, హార్మోన్ మందుల భారం అందరిపైనా పడుతుంది.

అమెరికా: హద్దు లేని చెల్లింపు, హద్దు గల సిఫారసు

1965లో ఏర్పడిన మెడికేర్ 65 దాటిన వారి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం. ఆరంభంలో ముందస్తు పరీక్షలు దాని పరిధిలో లేవు. చట్టసవరణ ద్వారా 1991 నుంచి రెండేళ్లకొకసారి, 1998 నుంచి ఏటా మామోగ్రఫీకి చెల్లింపు లభించింది. ఈ చెల్లింపుకు గరిష్ఠ వయస్సు లేదు. మరోవైపు ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2009లో తన సిఫారసును 74 ఏళ్ల వద్ద నిలిపి, 75 దాటిన వారి విషయంలో లాభనష్టాలను తూచడానికి తగిన ఆధారం లేదని పేర్కొంది. 2024 సిఫారసులో ప్రారంభ వయస్సు 40కి మారినా, 75 దాటినవారి గురించిన వాక్యం మారలేదు. బ్రిటన్‌లో పిలుపు రాని వయస్సులో అమెరికాలో పరీక్ష అలవాటుగా కొనసాగింది. ఒకే ఆధారలోపం రెండు దేశాలలో రెండు విరుద్ధమైన ఆచారాలకు దారితీసింది.

వయస్సు నుంచి మిగిలిన ఆయుర్దాయానికి

2013 తరువాత చర్చ కొత్త మలుపు తీసుకుంది. పరీక్ష జరిగిన వెయ్యి మందిలో ఒక మరణాన్ని నివారించడానికి సగటున 10.7 ఏళ్లు పడుతుందని ఆ ఏడాది వెలువడిన విశ్లేషణ తేల్చింది. పరీక్ష వల్ల కలిగే ఇబ్బంది వెంటనే ఎదురవుతుంది, మేలు దశాబ్దం తరువాత గానీ చేతికందదు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2015లో నిర్దిష్ట వయస్సును పేర్కొనకుండా, ఆరోగ్యంగా ఉండి కనీసం పదేళ్ల ఆయుర్దాయం ఆశించదగిన స్త్రీలు పరీక్ష కొనసాగించవచ్చని సూచించింది.

2020లో పది లక్షలకు పైగా మెడికేర్ లబ్ధిదారుల వివరాలను విశ్లేషించిన అధ్యయనం ప్రకారం, 70-74 ఏళ్ల వర్గంలో పరీక్ష కొనసాగించినవారిలో ఎనిమిదేళ్లలో వెయ్యికి ఒక మరణం తగ్గింది. 75-84 ఏళ్ల వర్గంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2023లో వచ్చిన మరొక అధ్యయనం, పరీక్ష కొనసాగించిన స్త్రీలలో బయటపడిన క్యాన్సర్లలో అతినిర్ధారణ వాటాను 70-74 ఏళ్లలో 31 శాతంగా, 75-84 ఏళ్లలో 47 శాతంగా అంచనా వేసింది. ఇవి యాదృచ్ఛిక ప్రయోగాల ఫలితాలు కావు. అయినా సమవయస్కులైన ఇద్దరు స్త్రీలకు ఒకే సమాధానం వర్తించదన్న అవగాహనకు ఇవి బలం చేకూర్చాయి. 76 ఏళ్ల వయస్సులో తన పనులు తానే చేసుకునే స్త్రీ, అదే వయస్సులో తీవ్రమైన గుండెజబ్బుతో బాధపడే స్త్రీ ఒకే పుట్టిన సంవత్సరం కారణంగా ఒకే వర్గంలోకి రావడం ఈ దృష్టిలో అహేతుకం.

భారతీయ సందర్భం

భారతదేశంలో సమస్య స్వరూపం వేరు. టాటా మెమోరియల్ ఆసుపత్రి పరిశోధకులు 1998లో ముంబయిలో ప్రారంభించిన ప్రయోగంలో 35-64 ఏళ్ల 1,51,538 మంది స్త్రీలు పాల్గొన్నారు. మామోగ్రఫీకి బదులు శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించారు. 2021లో ప్రకటించిన ఫలితాలలో మొత్తం మీద మరణాల తగ్గుదల గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. 50 దాటినవారిలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గుదల కనిపించింది. మేలు ఎక్కువగా కనిపించినది వయస్సు పైబడిన వర్గంలోనే. అయినా ఇక్కడ కూడా 64 దాటినవారు ప్రయోగానికి వెలుపలే ఉన్నారు.

కేంద్రప్రభుత్వం 2016లో విడుదల చేసిన మార్గదర్శకాలు 30-65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి చేతిపరీక్షను నిర్దేశించాయి. తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటికీ ఉద్దేశించిన ఈ పరిమితిని చదివేటప్పుడు ఒక భేదాన్ని విస్మరించరాదు. వయోపరిమితి వర్తించేది లక్షణాలు లేనివారి పరీక్షకు మాత్రమే. రొమ్ములో గడ్డ, చర్మం లోపలికి లాక్కుపోవడం, చనుమొన నుంచి రక్తస్రావం వంటి లక్షణాలు కనిపించిన స్త్రీకి ఏ వయస్సులోనైనా రోగనిర్ధారణ తప్పనిసరి. గడ్డ తగిలినా బిడ్డలకు ఇబ్బంది ఎందుకని దాచుకునే వృద్ధురాలి విషయంలో పరిమితిని అపార్థం చేసుకోవడం ప్రాణాంతకం కాగలదు.

ముగింపు

రొమ్ము క్యాన్సర్ పరీక్షల గరిష్ఠ వయోపరిమితి శాస్త్రం కనుగొన్న సత్యంగా పుట్టలేదు. తొలి ప్రయోగాలు ఎవరిని చేర్చుకున్నాయన్న ఎంపిక నుంచి అది పుట్టింది, పాలనావ్యవస్థల చేతిలో స్థిరపడింది. తరువాతి అధ్యయనాలు ఆ హద్దును పూర్తిగా తోసిపుచ్చలేదు. 75 దాటిన తరువాత మేలు తగ్గి, హాని పెరుగుతుందన్న అనుమానానికి అవి కొంత ఆధారం కల్పించాయి. అయితే హద్దు సరైనదని తరువాత తేలే అవకాశం ఉండటం, దానిని వివరణ లేకుండా విధించడాన్ని సమర్థించదు. పరీక్ష కొనసాగించమని చెప్పినా, ఆపమని చెప్పినా, ఆ నిర్ణయానికి కారణం తెలుసుకునే హక్కు వృద్ధస్త్రీకి ఉంది. ఆరు దశాబ్దాల ఈ చరిత్రలో ఆమెకు అన్నిటికంటే ఆలస్యంగా అందినది ఆ వివరణే.