మరుగుజ్జు పండితుడి పుట్టుపూర్వోత్తరాలు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రను కల్పించుకుంటారు. ఆ పాత్రగానే మాట్లాడతారు, తలపెట్టిన పని నెరవేరిందో లేదో 20 ముఖాల పాచిక వేసి తేల్చుకుంటారు. అక్కడ మరుగుజ్జు అనగానే అందరి కళ్లకూ కట్టేది గొడ్డలి, గడ్డం. చదువుకుని, కొత్త పరికరాలు కనిపెట్టే మరుగుజ్జును మాత్రం ఈమధ్య పుట్టిన వింతగా చూస్తారు. పాత కథలు తిరగేస్తే గొడ్డలి వీరుడికంటే ఇతడే ముందు ఎదురవుతాడు.

1220 ప్రాంతంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లుసన్ రాసిన ఎడ్డాలో మరుగుజ్జులు పనిమంతులు. ఇవాల్డి కొడుకులు చేసిన ఓడలో దేవతలందరూ ఆయుధాలతో సహా పడతారు. పని అయ్యాక దాన్ని బట్టలా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. అంత మంచి వస్తువులు బ్రోక్ అనే మరుగుజ్జు సోదరుడు సింద్రి చేయలేడని జిత్తులమారి దేవుడు లోకీ తన తలే పందెం కాశాడు. సింద్రి కొలిమి దగ్గర, బ్రోక్ తిత్తి దగ్గర. ఊదడం ఆపావా, పని చెడుతుందన్నాడు సింద్రి. ఈగ వచ్చి చేతిమీద కుట్టింది, మెడమీద కుట్టింది, బ్రోక్ ఆపలేదు. మూడోసారి కనురెప్పమీద కుట్టి, నెత్తురు కంట్లోకి కారితే, దాన్ని తోలడానికి ఒక్క క్షణం చెయ్యి తీశాడు. అప్పుడు కొలిమిలో ఉన్నది ఉరుముల దేవుడు థోర్ సుత్తి; దాని పిడి పొట్టిదైంది అందుకే. అయినా అన్నిటిలోకీ అదే మేలైనదని దేవతలు తీర్పు చెప్పారు.

నాకు ఇంతకంటే గొప్పగా తోచేది ఫెన్రిర్ అనే తోడేలును కట్టిన తాడు. ఇనప గొలుసులను ఆ తోడేలు తెంచేసింది. అప్పుడు మరుగుజ్జులు పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్లు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి కలిపి పట్టుదారంలాంటి తాడు పేనారు. అది తెగలేదు. బలం చాలనప్పుడు ఇంకా బరువైన గొలుసు పోతపోయకుండా పదార్థాన్నే మార్చారు. కనిపెట్టేవాడి బుద్ధి అంటే ఇదే.

పండితుడు మాత్రం ఒక పాత ఐస్‌లాండ్ పద్యంలో ఉన్నాడు. పేరు అల్వీస్. థోర్ కూతుర్ని పెళ్లాడతానని వస్తాడు. భూమిని, ఆకాశాన్ని, చంద్రుణ్ని ఏయే లోకంలో ఏమని పిలుస్తారో చెప్పమని థోర్ 13 ప్రశ్నలు వేస్తాడు. అన్నిటికీ జవాబు చెబుతూ ఉండగానే తెల్లవారిపోతుంది. ఎండ సోకిన మరుగుజ్జు రాయి అవుతాడు. ఒక్క ప్రశ్నకూ తడబడనివాడికి అలాంటి గతి పట్టడం నాకు ఇప్పటికీ బాధే.

టోల్కీన్ 1937 నాటి 'ది హాబిట్'లో తన మరుగుజ్జుల పేర్లు చాలావరకు ఆ పాత ఐస్‌లాండ్ పద్యాలనుంచే తీసుకున్నాడు. తరవాతి గ్రంథంలో వాళ్లలో ఒకడైన ఓరి, శత్రువులు ముట్టడిస్తున్నా మోరియా గుహల్లో చివరిదాకా దినచర్య రాస్తాడు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అచ్చయిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి కూర్పులో ఈ వారసత్వం కుంచించుకుపోయింది. మరుగుజ్జు యోధుడు మాత్రమే కాగలడు, అదీ 6వ స్థాయి వరకే. నేల వాలు, గోడల్లో కొత్త కట్టుబడి పసిగట్టే నేర్పు ఒక్కటే పాత చదువుకు ఆనవాలుగా మిగిలింది. 1984లో మొదలైన ఆటలోకం డ్రాగన్‌లాన్స్‌లో యంత్రాల పిచ్చి మరో పొట్టి జాతి అయిన గ్నోమ్‌లకు పోయింది, అదీ నవ్వులాటగా. ఏ జాతివాడైనా ఏ వృత్తైనా చేపట్టవచ్చని 2000లో మూడో కూర్పు తలుపులు తీసింది. 2004లో ఎబెరాన్ లోకంతోపాటు ఆర్టిఫిసర్ వచ్చాడు: వస్తువుల్లోకి మంత్రశక్తిని ఎక్కించే పనివాడు. ఇతడికి ముఖ్యం కండబలం కాదు, తెలివి. 2014 నాటి అయిదో కూర్పులో రాతి కట్టడం పుట్టుక చెప్పడంలో మరుగుజ్జుకు చరిత్ర పాండిత్యం రెట్టింపు లెక్కకొచ్చేది. కమ్మరి, బీరు తయారీ, తాపీ పనిముట్లలో ఒకటి పుట్టుకతోనే చేతికి అబ్బేది.

ఇలాంటి పాత్రను కట్టేవాళ్లు అంకెలు వేసుకోకముందే అతడు చేసిన వస్తువు ఒకటి ఎంచుకోవాలి. అది దేనితో చేశాడు, అందులో ఏ లోపం ఉండిపోయింది, ఆ క్షణాన తిత్తి దగ్గర ఉన్నదెవరు? అయిదో కూర్పులో మరుగుజ్జు ఆయుష్షు సుమారు 350 ఏళ్లు. తన తొలి ప్రయత్నాలను మనుషుల మూడు నాలుగు తరాలు వాడి అరగదీయడం అతడు కళ్లారా చూసి ఉంటాడు. వాటిని బాగుచేయడానికే ఇల్లు వదిలి బయల్దేరవచ్చు.