సముద్రము దాటిన వారి జాడ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఏ వృద్ధుని పలుకరించినను, దూరదేశము పోయిన వాని ముచ్చట ఒకటి వినవచ్చును. నిన్నటివాడు దుబాయికి పోయెను. మొన్నటివాడు బొంబాయికి పోయెను. తెలంగాణమునుండి పోయిన కామాటీల పేరనే అచ్చట కామాటిపుర వెలసినది. కాని నూరు, నూటయేబది యేండ్లకు మునుపు ఓడ యెక్కి పోయిన వానిని గూర్చి యడిగిన, పెద్దలును మౌనము వహింతురు. అట్టివారి మునిమనుమలు నేడు ఒక పాత కాగితము చేతబట్టి, తాత పుట్టిన ఊరేదని తెలుగునాట విచారించుచున్నారు. వారికి ప్రత్యుత్తర మీయవలసినవారము మనమే గనుక, ఆ చరిత్రను నాలుగు మాటలలో విన్నవించెదను.

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వమును రద్దుచేయు శాసనము 1833లో పుట్టెను. చెరకుతోటల దొరలకు కూలీలు కావలసివచ్చిరి. 1834 మొదలు మారిషసు ద్వీపమునకు మన దేశపు కూలీలను ఓడలలో తరలించిరి. ఆ ద్వీపమున దిగినవారు సుమారు నాలుగున్నర లక్షలు. గోదావరీ ముఖమున నున్న కోరంగి రేవును బట్టి, అచ్చటి తెలుగువారికి కోరంగీలను పేరు కలిగెను. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. 1911లో ఆ రాకడ నిలుచునప్పటికి నేటాలు సీమకు లక్షన్నరకు పైగా కూలీలు చేరియుండిరి. ఫిజీ దీవులకు 1879 మొదలు 1916 వరకు అరువది వేలకు పైగా పోయిరి; మద్రాసు రేవునుండి అచ్చటికి కూలీలను పంపుట 1903లో ప్రారంభమయ్యెను. నేటాలు, ఫిజీలకు పోయినవారి ఒప్పందము అయిదేండ్లది. అగ్రిమెంటు అను ఇంగ్లీషుమాట కూలీల నోట గిర్మిట్ అయ్యెను.

ఇట్లు పోయిన తెలుగువారిలో అధికసంఖ్యాకులు విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాడు మొదలగు బ్రిటిషు జిల్లాలవారు. మన ప్రాంతము నైజాము రాజ్యములోనిది గనుక ఇటునుండి పోయినవారు తక్కువ. అయినను 1876-78 నాటి మహాక్షామము మద్రాసు రాజధానిని మాత్రమే గాక నైజాము రాజ్యమును సైతము పీడించెను. కూటికై ఊరు విడిచినవాడు రాజ్యపు పొలిమేర చూచి ఆగడు. అట్టివాడు బ్రిటిషు జిల్లాలోని ఒక పట్టణమున పేరు వ్రాయించుకొన్నచో, కాగితముపై ఆ పట్టణమే ముందు కనబడును. అందుచే పేరు నమోదైన చోటును, పుట్టిన ఊరును వేరువేరుగా చూడవలెను.

ఆ కాగితమున ఏమేమి యుండును? ఫిజీకి పోయిన ప్రతి కూలీకి ఒక పత్రము కలదు. అందు ఓడ పేరు, కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, దగ్గరి బంధువు పేరు, జిల్లా, ఠాణా, గ్రామము, ఎత్తు, దేహముపై పుట్టుమచ్చలు వ్రాయబడును. నేటాలు ఓడపట్టీలును ఇంచుమించు ఇట్టివే. మారిషసులోని మోకా పట్టణమున మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి కూలీల ఛాయాచిత్రములు సైతము భద్రపరచబడినవి. ఇంత వ్రాసిన గుమాస్తా, మన తెలుగువారికి ముఖ్యమైన ఇంటిపేరును మాత్రము అడుగలేదు. తాత పేరే మనుమలకు ఇంటిపేరై నిలిచెను.

ఊరిపేరును చిక్కులు పెట్టును. తెలుగెరుగని లేఖకుడు విన్నదానిని విన్నట్లు ఇంగ్లీషులో వ్రాసెను. ఎల్లారెడ్డి యనునది మనకు ఊరు; దూరదేశమున అది మనిషి పేరుగా తోచును. ఎల్లారెడ్డిపేట సిరిసిల్ల వైపున వేరుగా కలదు. ఎల్లారెడ్డిగూడ హైదరాబాదు నగరమున కలదు. 1905కు పూర్వము మన జిల్లా ఇందూరు; పిదప నిజామాబాదు; 2016 నుండి కామారెడ్డియే ఒక జిల్లా. 1923-31 నడుమ మంజీరపై నిజాంసాగరము కట్టినప్పుడు కొన్ని పల్లెల భూములు నీట మునిగెను. ఈ మార్పు లెరుగనివాడు పటము ముందు పెట్టుకొని వెదకినను ఊరు దొరకదు. ఎరిగిన పెద్ద ఒక్కమాటతో చూపగలడు.

అయితే మన జ్ఞాపకమునకును హద్దు కలదు. శ్రాద్ధమున పిండము పెట్టునది తండ్రికి, తాతకు, ముత్తాతకు. పోయినవాడు అంతకు పై తరమువాడు. ఆ పై పేర్లకు మూడు త్రోవలు కలవు. ఇంటిపేర్లు, గోత్రములు పాడి చెప్పు వంశరాజుల నోట కొన్ని యుండవచ్చును. కాశీ, గయా యాత్రలు చేసిన కుటుంబముల పేర్లు అచ్చటి పండాల పుస్తకములలో ఉండవచ్చును. ఉర్దూలో వ్రాసిన పాత భూమి కాగితములు పెట్టె అడుగున ఉండవచ్చును. చదువనేరమని వానిని పారవేయరాదు. మరియొక హెచ్చరిక: మన పెద్దలు కాలమును సంవత్సరము పేరుతో చెప్పుదురు. ధాత కరవు అనగా 1876-77 నాటిది. ధాత నామ సంవత్సరము 1936లోను, 1996లోను మరల వచ్చినది. కావున వ్రాయునప్పుడు ఇంగ్లీషు సంవత్సరమును చేర్చి వ్రాయవలెను.

దూరమునుండి బంధువని యొకడు వచ్చినచో, భూమిలో పాలడుగునేమోయని కొందరు తెలిసినదియు చెప్పరు. ఈ భయము సహజమే. కాని తన తాత పుట్టిన వాకిట ఒక్కసారి నిలువగోరి వచ్చినవానిని దానికై త్రిప్పి పంపుట ధర్మము కాదు. అటులనే, వచ్చినవాని ముఖము చిన్నబోవునని "మావాడే" యని తొందరపడి చెప్పుటయు తగదు. రామయ్య కొడుకు లక్ష్మయ్య ప్రతి ఊరను ఉండును. పేరు, తండ్రి పేరు, గ్రామము, కులము, ఊరు విడిచిన కాలము, ఇవన్నియు కలిసినప్పుడే చుట్టరికము నమ్మదగినది. కల్ల చుట్టరికము వలన నిజమైన బంధువుల వెదకులాట అచ్చటితో ఆగిపోవును.

నా మనవి యొక్కటే. ప్రతి ఇంట ఒక పుస్తకము పెట్టి, తెలిసినంతమేరకు పూర్వుల పేర్లు, ఆడపడుచుల నిచ్చిన ఊళ్లు, ఊరు విడిచిపోయినవారి పేర్లు, పోయిన సంవత్సరము వ్రాయించుడు. నేడు గల్ఫు దేశములకు పోవుచున్న బిడ్డల పేర్లను, వారు పనిచేయు పట్టణములను సైతము అందే వ్రాయించుడు. ఆనాడు కూలీవాని ఆనవాళ్లు వ్రాసికొనినది వాని శ్రమతో పనిగల దొరతనము. వానిని కన్న ఊరు వ్రాసికొనలేదు. ఆ లోపము ఈ తరమున మరల జరుగకుండుట, ఇంకను గుర్తున్నవారు ఇంట నుండగనే కలము పట్టుటపై ఆధారపడి యున్నది.