కచేరీ రాత్రి: కైసర్స్‌లౌటర్న్ చెప్పే కథ

ఏళ్ళ తరబడి రేడియోలోనూ, రికార్డులోనూ విన్న సంగీతాన్ని ఒక్క రాత్రి ఎదురుగా కూర్చుని వినడం అభిమానికి పెద్ద పండుగ. ఆ పండుగ కోసం దూరాభారం లెక్కచేయకుండా జనం చేరే ఊళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ అటువంటిది. ఫుట్‌బాల్ జట్టు వల్ల పేరు పొందిన ఈ ఊరికి సంగీతంతో ఉన్న చుట్టరికం అంతకంటే పాతది.

ఊరి నడుమ 1843-46 మధ్య కట్టిన ఫ్రూఖ్ట్‌హాలె మొదట ధాన్యపు సంత. 1849 తిరుగుబాటులో తాత్కాలిక ప్రభుత్వం అందులోనే కొలువుదీరింది. నేడది సంగీత సభా మందిరం. 1857లో నెలకొల్పిన కామ్‌గార్న్ ఉన్ని నూలు మిల్లు కూడా మూతపడ్డాక కళాకేంద్రమైంది. మగ్గానికి నూలు వడికిన చోట జాజ్, రాక్ బృందాలు వాయిస్తున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడ మకాం వేసిన అమెరికన్ సైనికులు ఊరి పేరు నోరు తిరగక 'కే టౌన్' అన్నారు. వారి వెంట వచ్చిన జాజ్, రాకెన్‌రోల్ స్థానిక యువకులను ఆకట్టుకున్నాయి.

అంతకు ముందే ఈ చుట్టుపక్కల పల్లెలనుంచి సంగీతం లోకమంతా తిరిగింది. సారం లేని నేలలు, అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైన కమతాలు కడుపు నింపలేకపోవడంతో, 19వ శతాబ్దంలో మాకెన్‌బాఖ్ వంటి గ్రామాల రైతుబిడ్డలు బాకాలు, క్లారినెట్లు పట్టుకుని బయలుదేరారు. ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా వీధుల్లోనూ, సర్కసుల్లోనూ వాయించి సంపాదించింది ఇంటికి పంపేవారు. 1900 ప్రాంతాన ఇటువంటివారు సుమారు 2,500 మంది ఉండేవారు. 1914 యుద్ధం వారికి సరిహద్దులు మూసేసింది. ఆపై గ్రామఫోను, రేడియో వచ్చాయి. నేడు వారి వాద్యాలు మ్యూజియంలలో ఉన్నాయి.

ఈ కథ తెలుగువారికి పరాయిదిగా తోచదు. మన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో జోలె పట్టి ఇంటింటా మధుకరం చేసుకున్నారు. తర్వాత శ్రీరామనవమి పందిళ్ళలో ఆయన కచేరీ అంటే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. 1971లో ఆయన అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశాల్లో కచేరీలు చేశారు. గురుపుత్రులు పట్రాయని సంగీతరావుగారి హార్మోనియం ఎన్నో ఏళ్ళు ఆ గొంతుకు తోడుగా ఉన్నది. పాతికేళ్ళుగా సినిమాల్లో విన్న ఆ కంఠం పరదేశంలో తమ ఎదుట పద్యం ఎత్తుకుంటే అభిమానుల మనసు ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. ఆ అవకాశం మళ్ళీ రాలేదు.

రికార్డు ఎన్నిసార్లు వేసినా ఒకే తీరుగా పాడుతుంది. కచేరీలో గాయకుడు సభను చూసి రాగం సాగదీస్తాడు, 'మళ్ళీ' అన్న కేకకు మళ్ళీ పాడతాడు. అక్కడ వినేవాడికీ పాటలో పాలుంటుంది. పక్క కుర్చీలో తెలుగువాడు ఉంటే ఆ పాలు రెట్టింపవుతుంది.

పరదేశంలో పుట్టిన మన పిల్లలకు తెలుగు పాట పరికరాల్లో కావలసినంత దొరుకుతుంది. కాని ఎదురుగా కూర్చుని వినే రాత్రి పెద్దలు పూనుకుంటేనే దొరుకుతుంది. మాకెన్‌బాఖ్ బాకాల వలె మన హార్మోనియం కూడా అద్దాల బీరువా చేరకముందే, ఏడాదికి ఒక్కసారైనా గాయకులను పిలిపించి, పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టడం మన సంఘాలు చేయవలసిన పని.