ఆంధ్రప్రదేశ్‌లో తీరప్రాంత ఆక్వాకల్చర్ నియంత్రణ

సముద్రతీరానికి దగ్గరలో చెరువులు తవ్వి, ఉప్పునీటిలో రొయ్యలు, చేపలు, పీతలు మొదలైనవాటిని పెంచడాన్ని తీరప్రాంత ఆక్వాకల్చర్ అంటారు. భారతదేశపు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. ఈ సాగు 2005 నాటి కేంద్ర చట్టానికి లోబడి జరుగుతుంది. మంచినీటి చేపల పెంపకం ఈ చట్టం పరిధిలోకి రాదు. కనుక శ్రీశైలం వంటి మంచినీటి జలాశయాలకు ఇది వర్తించదు.

నేపథ్యం

1990ల మొదట్లో నెల్లూరు, కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల తీరంలో టైగర్ రొయ్యల సాగు వేగంగా విస్తరించింది. చెరువులలోని ఉప్పు పక్కనున్న వరిచేలలోకి, తాగునీటి బావులలోకి ఊరడం, వ్యర్థజలాలు కాలువలలో కలవడం వలన గ్రామాలలో వివాదాలు తలెత్తాయి. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి వలన రొయ్య రైతులు కూడా తీవ్రంగా నష్టపోయారు.

సుప్రీంకోర్టు తీర్పు

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంపై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులలో సాగయ్యేవి మినహా తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించాలని ఆదేశించింది. వ్యవసాయ భూములను, ఉప్పుమడులను, మడ అడవులను రొయ్యల చెరువులుగా మార్చరాదని పేర్కొన్నది. పులికాట్, చిల్కా సరస్సులకు 1,000 మీటర్ల లోపు సాగుపై కూడా ఆంక్షలు విధించింది. ఈ తీర్పును అనుసరించి 1997లో ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది.

2005 చట్టం

పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని ఆమోదించింది. తీర నియంత్రణ మండలపు నిషేధం నుండి ఆక్వాకల్చర్‌ను ఈ చట్టం మినహాయించింది. దీనితో చెరువుల తొలగింపునకు బదులుగా నమోదు, షరతులు నియంత్రణకు ఆధారమయ్యాయి. అథారిటీ ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉన్నది. 2005 నాటి నిబంధనల ప్రకారం రైతుల దరఖాస్తులను జిల్లా కలెక్టరు అధ్యక్షతన గల కమిటీ పరిశీలించేది. నమోదు 5 సంవత్సరాలు చెల్లుబాటయ్యేది. పోటు రేఖ నుండి 200 మీటర్ల లోపు కొత్త చెరువులకు అనుమతి ఉండేది కాదు. 5 హెక్టార్లకు మించిన క్షేత్రాలు వ్యర్థజలాలను శుద్ధి చేసే ఏర్పాటు చేసుకోవాలి. నిషిద్ధ యాంటీబయాటిక్‌లు వాడరాదు.

2009లో వనామి రొయ్యల సాగుకు షరతులతో అనుమతి లభించింది. 2023 సవరణ చట్టం నమోదు లేని సాగుకు జైలుశిక్షను తొలగించి, జరిమానాను మాత్రమే ఉంచింది. హేచరీలకు కొన్ని సడలింపులు ఇచ్చింది.

ప్రోత్సాహం

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ 1972లో ఏర్పడింది. ఇది 2007లో ఏర్పాటు చేసిన నాక్సా అనే సంస్థ చిన్న రైతులను సంఘాలుగా కూర్చి శిక్షణ ఇస్తుంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద సాధారణ వర్గాల వారికి వ్యయంలో 40 శాతం వరకు, షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, మహిళలకు 60 శాతం వరకు రాయితీ నిర్ణయించారు. అదే సంవత్సరం రాష్ట్రం ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థను, మేత నాణ్యత నియంత్రణను చట్టాల ద్వారా తెచ్చింది.