ఊపిరితిత్తుల క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత జన్యుపరీక్ష

తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆపరేషన్‌తో తీసేశాక, ఆ గడ్డలోని జన్యుమార్పులను బట్టి తర్వాతి మందును నిర్ణయించడం ఇటీవలి పద్ధతి. గడ్డ పోయినా కంటికి చిక్కని కణాలు మిగిలిపోయి చాలామందిలో జబ్బు తిరగబెడుతుంది. దాన్ని ఆపడానికి వాడుతూ వచ్చింది సిస్‌ప్లాటిన్ కీమో. ఐదు అధ్యయనాల్లోని 4,584 మంది వివరాలను కలిపి 2008లో ప్రచురించిన విశ్లేషణలో, ఐదేళ్లకు బతికున్నవారి సంఖ్య కీమో వల్ల నూటికి 5.4 మాత్రమే పెరిగింది. నూరుమందీ బాధపడితే అదనంగా బతికేది ఐదారుగురు. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో ముందే తెలియాలన్న పట్టుదల అక్కడ బలపడింది.

వెతుకులాట అప్పటికే రెండు దారులు పట్టింది. అనేక జన్యువుల చురుకుదనాన్ని కలిపి లెక్కగట్టి, జబ్బు ఎవరికి తిరగబెడుతుందో చెప్పాలన్నది ఒకటి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం 2006లో అలాంటి లెక్కను ప్రకటించింది. అది నిలబడక 2011లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. గడ్డను పెంచుతున్న ఒక్క మార్పును పట్టుకోవడం రెండో దారి. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పులున్న గడ్డలు జెఫిటినిబ్ మాత్రకు బాగా లొంగుతాయని 2004లో బోస్టన్ పరిశోధకులు చూపారు. ఆ సంగతి తెలియకముందే మొదలైన కెనడా అధ్యయనం, ఆపరేషన్ అయినవారికి జన్యువు చూడకుండానే అదే మాత్ర ఇచ్చింది. 503 మంది చేరిన ఆ అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి: ప్రయోజనం లేదు, మార్పు ఉన్నట్టు తేలినవారు 15 మందే. ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఈ వైఫల్యమే. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్న 682 మందినే ఎంచుకున్న అడౌరా అధ్యయనంలో, మూడేళ్లపాటు ఒసిమెర్టినిబ్ మాత్ర ఇచ్చిన వర్గంలో ఐదేళ్లకు 88 శాతం, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వర్గంలో 78 శాతం బతికున్నారని 2023లో తేలింది. ఏఎల్‌కే అనే మరో జన్యువులో మార్పు ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో అలెక్టినిబ్ కీమోకన్నా మేలని 2024లో రుజువైంది.

ఆపరేషన్‌తోనే నయమైనవారికీ మూడేళ్లు మందు మింగించడం అన్యాయం కాదా అన్న ప్రశ్న సహేతుకమే. ఏ మాత్ర సరిపోతుందో జన్యుపరీక్ష చెబుతుంది, కణాలు మిగిలాయో లేదో చెప్పదు. పైగా అడౌరాలో ఉత్తుత్తి మాత్ర తీసుకుని జబ్బు తిరగబెట్టిన అందరికీ ఒసిమెర్టినిబ్ అందలేదు కాబట్టి, పది శాతం తేడా మొత్తాన్నీ ముందుగా మందివ్వడానికే ఆపాదించలేం. అయినా తిరగబెట్టిన జబ్బును పూర్తిగా నయంచేయడం అరుదు. అందుకే ముందే అడ్డుకోవడంవైపే మొగ్గు.

ఖర్చు ఇంతకన్నా బరువైన అభ్యంతరం. అహోబిలంవంటి నల్లమల అంచు ఊళ్లవారు ఈ చికిత్సకు ఆళ్లగడ్డ, నంద్యాల దాటి కర్నూలుకో హైదరాబాదుకో వెళ్లాలి. దగ్గును, ఎక్స్‌రేలో మచ్చను క్షయగా పొరబడటం మన దేశంలో మామూలే కనుక తొలిదశలో దొరికేవారే తక్కువ. ఆ కొద్దిమందికీ పరీక్ష సంపన్నుల వ్యవహారంగా మిగలనక్కర్లేదు: తీసిన ముక్కను మైనపు బ్లాకుగా భద్రపరిస్తే ఈజీఎఫ్ఆర్‌కు పీసీఆర్, ఏఎల్‌కేకు రంగు పరీక్ష చాలు. బీడీ, చుట్ట ముట్టనివారిలో ఈ మార్పులు ఎక్కువ కాబట్టి వారి బ్లాకును అసలే పోగొట్టకూడదు. మందు ధరే అసలు చిక్కు. హైదరాబాదు నాట్కో తయారుచేసే జెఫిటినిబ్ చవకే గానీ, ఆపరేషన్ తర్వాత అది జబ్బును కొన్నాళ్లు వాయిదా వేసిందే తప్ప కీమోకన్నా ఆయుష్షు పెంచినట్టు చైనా అధ్యయనంలో రుజువు కాలేదు. ఒసిమెర్టినిబ్‌పై 2024 జూలైలో కేంద్రం దిగుమతి సుంకం ఎత్తేసింది. మూడేళ్ల మాత్రల ఖర్చు మాత్రం ఇప్పటికీ రైతుకూలీ కుటుంబానికి అందనంత దూరంలోనే ఉంది.