మెడ నొప్పి వైద్యం – మర్దన నుండి ఫిజియోథెరపీ దాకా

చరిత్ర పాఠాలు చెప్పుకునే నన్ను ఈసారి ఆరోగ్యం మీద రాయమని కార్యవర్గం వారు కోరినారు. నేను డాక్టరును కాను, ఉర్దూ బడిలో పంతులును. అయితే మెడ నొప్పితో చాలా అవస్థ పడినవాణ్ణి. అందుచేత ఆ వైద్యం ఎక్కడ పుట్టి, ఎట్లా మన దాకా వచ్చిందో చదివి తెలుసుకున్నంత మేరకు మనవి చేస్తాను.

మన ప్రాంతంలో మెడ వంచనిదే కూడు దొరకని వృత్తులు ఎన్నో ఉన్నాయి. ప్రొద్దుటూరులోనూ, జమ్మలమడుగు పక్కన మోరగుడిలోనూ నేతగాళ్ళు గుంటమగ్గంలో కాళ్ళు దించుకుని పొద్దస్తమానం పోగు మీదనే చూపు నిలుపుతారు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక వీధుల్లో నగల పని, రాళ్ళు పొదిగే పని చేసేవాళ్ళ సంగతీ అంతే. దూదేకుల సోదరులు పాతకాలంలో విల్లు పట్టుకుని దూది ఏకినప్పుడు మెడా, భుజమూ రెండూ అరిగిపోయేవి. పులివెందుల వైపు తోటల్లో అరటి గెలలు మోసేవాళ్ళు, మార్కెట్లలో మూటలు మోసే హమాలీలు సరేసరి. ఇప్పుడు మన ఇండ్లలో ఆడవాళ్ళు కుట్టుమిషను ముందర, జాకెట్ల మగ్గం వర్కు ముందర గంటల తరబడి తల వంచుకునే కూర్చుంటున్నారు.

మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. దాన్ని మోసేది మెడలోని 7 ఎముకలు, వాటి చుట్టూ ఉన్న కండరాలు. తల నిటారుగా ఉంటే ఆ బరువు ఎముకల మీద సమంగా పడుతుంది. ముందుకు వంచే కొద్దీ వెనక కండరాలు లాగి పట్టుకోవాల్సి వస్తుంది. 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని 2014లో న్యూయార్కు డాక్టరు ఒకాయన లెక్క కట్టినారు. సెల్‌ఫోను చూసే పిల్లలకు కూడా ఈ లెక్కే వర్తిస్తుంది.

మన పెద్దలకు తెలిసిన వైద్యం ఇంట్లోనే ఉండేది. ఉప్పు మూటతోనో, ఇసుక మూటతోనో కాపడం పెట్టేవాళ్ళు. వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోసేవాళ్ళు. గోరువెచ్చని ఆముదంతో మర్దన చేసేవాళ్ళు. మెడ పట్టేస్తే దిండు ఎండలో వేయమనేవాళ్ళు. వేడి తగిలితే బిగిసిన కండరం సడలుతుంది గనక కాపడంలో నిజంగానే గుణం ఉంది. దిండు మాట మాత్రం నమ్మకమే.

ఈ కాపడం, మర్దనలను శాస్త్రంగా రాసి పెట్టిన వారిలో ఇబ్నె సీనా (980–1037) ముఖ్యులు. ఆయన అరబీలో రాసిన ‘అల్‌ ఖానూన్‌’ గ్రంథం 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళి, యూరపు విద్యాలయాల్లో 17వ శతాబ్దం దాకా పాఠ్యగ్రంథంగా నిలిచింది. గట్టి మర్దనకు ఒక ఫలితం, మెత్తని మర్దనకు ఒక ఫలితం అని అందులో వేరుచేసి చెప్పినారు. మందు లేకుండా వ్యాయామం, దలక్‌ (మర్దన), హమ్మాం, హిజామాలతో చేసే చికిత్సను యునానీలో ‘ఇలాజ్‌ బిత్‌ తద్బీర్‌’ అంటారు. మన పొరుగున కర్నూలులో డాక్టర్‌ అబ్దుల్‌ హఖ్‌ యునానీ వైద్య కళాశాలలో నేటికీ ఈ విద్య నేర్పుతున్నారు.

యూరపులో 1813లో పెర్‌ హెన్రిక్‌ లింగ్‌ అనే ఆయన స్వీడన్‌ దేశపు స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాసంస్థ స్థాపించి, వ్యాయామాన్ని వైద్యంలో భాగం చేసినారు. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు కలిసి మర్దన వృత్తికి ఒక సంఘం పెట్టినారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల వల్ల ఈ వృత్తికి గిరాకీ, గౌరవం పెరిగినాయి. మన దేశంలో 1950ల తొలినాళ్ళలో పోలియో పిల్లల కోసం బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల మొదలయింది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. 2021లో పార్లమెంటు చేసిన చట్టంలో ఈ వృత్తికి కూడా చోటు దక్కింది.

మన వైపు చూస్తే, బ్రిటిషు కాలంలో లండన్‌ మిషనరీ సొసైటీ వారి వల్ల జమ్మలమడుగుకు క్యాంప్‌బెల్‌ ఆస్పత్రి వచ్చింది. అక్కడ పనిచేసిన డాక్టర్‌ వై.ఎస్‌. రాజశేఖరరెడ్డి గారు 1973లో పులివెందులలో తన తండ్రి పేర 70 పడకల ఆస్పత్రి పెట్టినారు. 2006లో కడపకు రిమ్స్‌ వచ్చింది. ఇన్ని వచ్చినా మెడ నొప్పి అంటే ఇప్పటికీ మనవాళ్ళు ముందు నొప్పి బిళ్ళ మింగుతారు, లేదంటే మెడ విరిపించుకుంటారు.

నేనూ ఆ తప్పే చేసినాను. ఒక ఏడాది పరీక్ష పేపర్లు దిద్దినాక మెడ పట్టేసింది. ఒకాయన నా తల పట్టుకుని ఠక్కున తిప్పినాడు. ఆ పూట హాయిగానే ఉండె. మూడో రోజుకు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కినాయి. బోర్డు మీద ‘అలిఫ్‌’ రాయబోతే సుద్దముక్క జారిపోయె. ఉద్యోగం ఏమవుతుందో, పిల్లల చదువులు ఏమవుతాయో అని రాత్రులు నిద్ర లేదు. డాక్టరు పరీక్ష చేసి, నరం నొక్కుకుందని చెప్పి ఫిజియోథెరపీకి పంపినారు. అట్లా విరిస్తే మెదడుకు పోయే రక్తనాళం చీలి, పక్షవాతం వచ్చే ప్రమాదం కూడా ఉందని అప్పుడే తెలిసింది.

అక్కడ నేర్పినవి చాలా చిన్న పనులు. గడ్డాన్ని నేరుగా వెనక్కు లాగి కొన్ని క్షణాలు నిలపడం, అరచేతిని నుదుటికి ఆనించి తలతో మెల్లగా తోయడం, భుజాలు వెనక్కు తీసుకోవడం. ఆరు వారాలు విడవకుండా చేస్తే తిమ్మిరి తగ్గింది. పట్టీ కూడా కొద్ది రోజులకే మంచిదట, నెలల తరబడి కడితే కండరాలే బలహీనమవుతాయట. ఇవి నాకు చెప్పినవి. ఎవరికి ఏది తగునో చూపించుకునే చేయవలెను. చేయి బలం తగ్గినా, నడక తూలినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరంతో మెడ బిగిసినా, దెబ్బ తగిలినా వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళవలెను.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. మన ఆడవాళ్ళు మగవారితో మెడ, భుజం చూపించుకోవడానికి సిగ్గుపడి నొప్పిని ఏండ్ల తరబడి ఓర్చుకుంటున్నారు. నెలకు రెండు దినాలైనా మన సంఘ కార్యాలయంలో ఒక మహిళా ఫిజియోథెరపిస్టును కూర్చోబెడితే ఎన్నో ఇండ్లకు మేలు. బైపీసీ చదివే మన ఆడపిల్లల్లో ఒకరిద్దరినైనా ఈ చదువుకు పంపి, ఫీజుకు సంఘం సాయపడితే, కొన్నేండ్లకు ఆ కుర్చీలో మన బిడ్డే కూర్చుంటుంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాను.